మెష్ వై-ఫై కొనే ముందు ఒక్క ప్రశ్న: అది పడుకుంటుందా?

మాది నిజామాబాద్ జిల్లా మాక్లూర్. ఆర్మూర్ వైపు ఊళ్లల్లో మార్చి నెల అంటే ఏంటో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పసుపు తవ్వడం, ఉడకబెట్టడం అయిపోయి, కల్లంలో ఆరబోసి ఉంటుంది. తొమ్మిది నెలలు పెంచిన పంట పది పదిహేను రోజులు ఆకాశం కింద నేల మీద ఉంటుంది. ఆ టైంలో వాన పడితే కొమ్ము రంగు పోతుంది, బూజు పడుతుంది. యార్డులో రేటు సగం మాట్లాడేది ఆ రంగే.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఒక రాత్రి రిలీజ్ ఉండి తెల్లవారుజామున నాలుగింటి దాకా మేలుకునే ఉన్నా. ఊరికే వెదర్ రాడార్ తెరిచి చూస్తే మా జిల్లా మీదికి మబ్బు వస్తోంది. కల్లం కాడ పడుకున్న బాపుకి ఫోన్ చేశా. స్విచ్ ఆఫ్. మళ్లీ చేశా. స్విచ్ ఆఫ్. ఇంట్లో అమ్మకి చేస్తే ఆమె లేచి, టార్చ్ పట్టుకుని కల్లం దాకా పోయేసరికి చినుకులు మొదలయ్యాయి. టార్పాలిన్ సగం పసుపు మీద కప్పగలిగారు. మిగతా సగం తడిసింది.

పొద్దున బాపు నన్ను తిట్టలేదు. "నువ్వు పెట్టిన డబ్బా రాత్రే బంద్ అయింది బిడ్డా. నా పాత డబ్బా ఫోన్ ఉంటే మోగేది" అన్నాడు, అంతే.

ఆ "డబ్బా" నేను సంక్రాంతి సేల్‌లో ఎంతో ఇష్టంగా కొన్న మూడు ముక్కల మెష్ వై-ఫై సెట్. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే తప్పు ఆ ఒక్క కంపెనీది కాదు. ఆ రాత్రి ఏం జరిగిందో లెక్క వేసుకున్నాక నాకు అర్థమైంది ఏంటంటే, మనం వైర్‌లెస్ రిలేలను కొనే పద్ధతే తప్పు. రేంజ్ చూస్తాం, స్పీడ్ చూస్తాం. ఎవరూ వాడనప్పుడు అది ఎంత కరెంటు తింటుందో చూడం.

అసలు మెష్ ఎందుకు పెట్టాను?

మా కల్లం దగ్గర సిగ్నల్ అంతంత మాత్రమే. మీ ఊళ్లో ఎలా ఉందో చూడాలంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్లండి. సిగ్నల్ స్ట్రెంత్ డీబీఎంలలో కనిపిస్తుంది. 4జీలో మైనస్ 85, 90 దగ్గర ఉంటే బాగున్నట్టు. మైనస్ 110 దాటితే ఫోన్ కష్టపడుతున్నట్టు. మా కల్లంలో మైనస్ 116 నుంచి 120 మధ్య ఊగుతుంది.

సిగ్నల్ తక్కువైతే ఫోన్ ఏం చేస్తుంది? గట్టిగా అరుస్తుంది. మామూలు 4జీ ఫోన్ గరిష్ఠంగా 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్ల పవర్‌తో ప్రసారం చేయగలదు. టవర్ పక్కనే ఉంటే అందులో వెయ్యో వంతు కూడా అక్కర్లేదు. దూరంగా ఉంటే మొత్తం వాడాలి. పైగా ఆ 200 మిల్లీవాట్లు గాల్లోకి పంపడానికి లోపలి పవర్ యాంప్లిఫయర్ బ్యాటరీ నుంచి దానికి రెండు మూడు రెట్లు లాగుతుంది. మిగిలింది వేడి. సిగ్నల్ లేని చోట ఫోన్ వెచ్చబడేది ఇందుకే. సిగ్నల్ పూర్తిగా పోతే ఇంకో బాధ. ఏ బ్యాండ్‌లో అయినా టవర్ దొరుకుతుందేమో అని ఒక్కొక్కటీ వెతుకుతూనే ఉంటుంది.

దీనికి ఇంజినీరింగ్ పుస్తకం చెప్పే మందు రిలే. మధ్యలో ఒకడిని నిలబెట్టు, దూరం సగం చెయ్. ఖాళీ మైదానంలో దూరం సగమైతే కావాల్సిన పవర్ నాలుగో వంతుకు పడిపోతుంది. ఇళ్లు, చెట్లు, ఆర్మూర్ గుట్టల్లాంటి అడ్డాలు ఉన్న చోట నష్టం ఇంకా వేగంగా పెరుగుతుంది. అక్కడ సాధారణంగా వాడే మోడల్ ప్రకారం దూరం సగమైతే పవర్ పదహారో వంతు చాలు. రెండు అంగల్లో పంపినా మొత్తం ఎనిమిదో వంతే. బీటెక్‌లో ఈ లెక్క చేసి మార్కులు కూడా తెచ్చుకున్నా.

ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంది. వై-ఫై కాలింగ్ మన దగ్గర 2019 డిసెంబర్, 2020 జనవరి నుంచి పెద్ద నెట్‌వర్క్‌లలో వచ్చింది. అంటే బాపు ఫోన్ ఎక్కడో ఉన్న టవర్‌ని పిలవాల్సిన పని లేదు, పక్కనున్న వై-ఫై డబ్బాని పిలిస్తే చాలు. ఇంటి నుంచి కల్లం నూట ఇరవై మీటర్లు. ఒక డబ్బా ఇంట్లో, ఒకటి మధ్యలో ఉన్న మా కాక వాళ్ల పై అంతస్తు కిటికీలో, ఒకటి కల్లం కొట్టంలో. కాక ఇంట్లో, కొట్టంలో ఉన్నవాటికి ఒక్కో మినీ యూపీఎస్. పెట్టిన రోజు వీడియో కాల్ చేసి కల్లం మొత్తం చూపించమన్నా. అద్దంలా కనిపించింది. నేను గెలిచానని అనుకున్నా.

సిగ్నల్ బూస్టర్ పెట్టుకోవచ్చు కదా అని కొందరు అంటారు. ఆన్‌లైన్‌లో దొరికే మొబైల్ సిగ్నల్ బూస్టర్‌ని అనుమతి లేకుండా పెట్టుకోవడం మన దేశంలో చట్టవిరుద్ధం. అది అక్కరకు రాని చట్టం కూడా కాదు. చవక బూస్టర్ సిగ్నల్‌తో పాటు నాయిస్‌ని కూడా పెంచి టవర్ మీదికి పంపుతుంది. మీ ఇంట్లో నాలుగు గీతలు వచ్చి, చుట్టుపక్కల వాళ్ల కాల్స్ కట్ అవుతాయి. దాని జోలికి పోకండి.

పుస్తకం చెప్పని సగం

సంఘటన తర్వాత శనివారం ఊరికి పోయి, ప్లగ్‌కి పెట్టే వాట్ మీటర్‌తో మూడు డబ్బాలనూ కొలిచా. ఒక్కోటి ఏడు వాట్ల దగ్గర ఆగింది. వీడియో ప్లే చేస్తే ఎనిమిది. ఫోన్లన్నీ ఆపేసి, ఒక్క డివైస్ కూడా కనెక్ట్ కాకుండా చూస్తే? ఆరున్నర.

ఈ ఆరున్నరే నా కథలో విలన్. పని ఉన్నా లేకున్నా దాదాపు అంతే తింటుంది.

ఇల్లు కట్టేటప్పుడు స్లాబ్ పోసే రోజు గుర్తు చేసుకోండి. కింద నుంచి పైదాకా కూలీలు వరసగా నిలబడి తట్టలు అందిస్తారు. ఒక్కడే మోసుకుని ఎక్కితే నడుం విరుగుతుంది, అదే పది మంది ఉంటే ఎవరికీ భారం తెలియదు. కానీ సాయంత్రం పది మందికీ కూలి ఇవ్వాలి. మిక్సర్ ఆగిపోయి మూడు గంటలు ఖాళీగా కూర్చున్నా ఇవ్వాలి. పుస్తకంలోని ఎనిమిదో వంతు లెక్క తట్ట బరువు గురించి మాత్రమే చెబుతుంది. కూలి గురించి చెప్పదు. రిలేలో ప్రాసెసర్, మెమరీ, రెండు మూడు రేడియోలు, ఎప్పుడూ వింటూ ఉండే రిసీవర్, ఇవన్నీ కూలి. గాల్లోకి వెళ్లే పవర్ అందులో చిన్న ముక్క.

ఇప్పుడు లెక్క చూడండి. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో సుమారు 19 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. మూడు డబ్బాలు, ఒక్కోటి ఏడు వాట్లు, 24 గంటలు: 504 వాట్-అవర్లు. రోజుకు సగం యూనిట్, నెలకు పదిహేను యూనిట్లు. అంటే బాపు ఫోన్ బ్యాటరీని కాపాడటానికి నేను పెట్టిన రిలే, రోజూ అలాంటి ఫోన్ బ్యాటరీలు ఇరవై ఆరు తాగేస్తోంది. శక్తి ఆదా కాలేదు. జేబులోంచి గోడలోకి మారింది, అదీ ఎన్నో రెట్లు పెరిగి.

గోడలో కరెంటు ఉన్నంత సేపు ఇది ఎవరికీ కనిపించదు. ఆ రాత్రి పదకొండుంపావుకి గాలి దుమారానికి కరెంటు పోయింది. మినీ యూపీఎస్ మీద 8800 ఎంఏహెచ్ అని పెద్దగా రాసి ఉంటుంది. అది 3.7 వోల్ట్ల సెల్స్ లెక్క. వాట్-అవర్లలో 32. వోల్టేజ్ పెంచేటప్పుడు పోయేది తీసేస్తే 27 మిగులుతాయి. ఏడు వాట్లకి నాలుగు గంటలు కూడా రాదు. మూడింటికల్లా కొట్టంలో డబ్బా చచ్చిపోయింది. బాపు ఫోన్‌లో పడుకునేటప్పటికే ఇరవై శాతం ఉంది. వై-ఫై పోగానే దూరపు టవర్ కోసం వెతుకులాట మొదలుపెట్టి అది కూడా ఆగిపోయింది.

నన్ను ఇంకా పొడిచేది ఇది: పదకొండు నుంచి మూడు దాకా ఆ రిలే మీద నడిచిన డేటా దాదాపు సున్నా. అందరూ నిద్రపోతున్నారు. ఆ 27 వాట్-అవర్లూ ఎవరి కోసమూ కాదు. అదే డబ్బా ఖాళీగా ఉన్నప్పుడు ఒకటిన్నర వాట్లకి దిగగలిగితే, అదే యూపీఎస్ పద్దెనిమిది గంటలు ఆగేది. నా ఫోన్ మోగేది.

పడుకోవడం చేతకాక కాదు

"రిలే పడుకుంటే కాల్ ఎలా వస్తుంది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మీ చేతిలోనే ఉంది. మీ ఫోన్ జేబులో ఉన్నంత సేపు దాని సెల్యులార్ రేడియో ఎక్కువ భాగం పడుకునే ఉంటుంది. 4జీలో సాధారణంగా 1.28 సెకన్లకోసారి కొన్ని మిల్లీసెకన్లు లేచి, "నాకేమైనా కాల్ ఉందా?" అని విని మళ్లీ పడుకుంటుంది. అయినా మనకు కాల్స్ వస్తూనే ఉన్నాయి. ఫోన్ చేయగలిగే పని ప్లగ్‌లో పెట్టిన డబ్బా ఎందుకు చేయదు?

చేయొచ్చని తెలిసినవాళ్లు ఉన్నారు. 4జీ ఎల్‌టీఈలో టవర్ తన సెల్‌లో ఒక్క ఫోన్ లేకపోయినా ప్రతి మిల్లీసెకనుకీ రిఫరెన్స్ సిగ్నల్స్ పంపుతూ ఉండాలి. 5జీ డిజైన్ చేసేటప్పుడు ఈ వృథాని చూసి మార్చారు. 5జీలో ఎప్పుడూ పంపాల్సిన సింక్ సిగ్నల్ డిఫాల్ట్‌గా 20 మిల్లీసెకన్లకోసారి. అవసరమైతే 160 దాకా సాగదీయొచ్చు. ఆ మధ్య ఖాళీలో టవర్ హార్డ్‌వేర్‌ని నిద్రపుచ్చొచ్చు. 3జీపీపీ రిలీజ్ 18లో వచ్చిన నెట్‌వర్క్-కంట్రోల్డ్ రిపీటర్ ఇంకో అడుగు ముందుకేసింది. ఎప్పుడు ఆన్ అవ్వాలి, ఏ వైపు బీమ్ తిప్పాలి అని బేస్ స్టేషనే ఆ రిపీటర్‌కి చెబుతుంది. పని లేకపోతే ఆఫ్.

వై-ఫైలో కూడా కొత్త కాదు. 2010లో వచ్చిన వై-ఫై డైరెక్ట్‌లోనే, యాక్సెస్ పాయింట్‌లా పనిచేసే ఫోన్ "ఇంతసేపు నేను ఉండను" అని ముందే చెప్పి పడుకునే పద్ధతి ఉంది. బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి దానికి ఆ అవసరం వచ్చింది. ప్లగ్‌లో ఉండే రౌటర్‌కి ఆ అవసరం ఉందని ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు వై-ఫై 8 ప్రమాణంలో యాక్సెస్ పాయింట్ పవర్ సేవింగ్ మీద పని జరుగుతోంది. మంచిదే. కానీ మన బెడ్‌రూంలో, కొట్టంలో ఉన్న డబ్బాలు ఇంకో అయిదారేళ్లు అవే ఉంటాయి.

ఒప్పుకోవాల్సింది కూడా ఒకటుంది. మామూలు వై-ఫైలో ఏ డివైస్ ఎప్పుడు మాట్లాడుతుందో తెలియదు కాబట్టి రౌటర్ పూర్తిగా పడుకోలేదు. కానీ సగం నిద్ర సాధ్యమే. రాత్రి 5 గిగాహెర్ట్జ్ రేడియో ఆపొచ్చు, నాలుగు యాంటెనాల్లో ఒకటే వాడొచ్చు, ప్రాసెసర్ స్పీడ్ తగ్గించొచ్చు. ఇవన్నీ ఒక ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో అయ్యే పనులు.

ఎవరి కరెంటు?

ఇంకో విషయం నేను అసలు ఆలోచించనిది. మధ్య డబ్బా ఉన్నది కాక ఇంట్లో. నెలకు అయిదు యూనిట్లు ఆయన బిల్లులో పడుతున్నాయి, ఆయన వై-ఫై వాడనే వాడడు. నేను చెప్తే "ఏమైతది లేరా" అన్నాడు. ఆయన మంచితనం అది. సిస్టమ్ డిజైన్ మంచితనం మీద ఆధారపడకూడదు.

సెన్సర్ నెట్‌వర్క్‌లలో ఈ సమస్య పాతికేళ్ల కిందే చూశారు. 2000లో ఎంఐటీలో వెండీ హైన్జల్‌మన్ బృందం లీచ్ అనే ప్రోటోకాల్ ప్రతిపాదించింది. అందరి డేటా మోసే పెద్ద పని ఎప్పుడూ ఒకే నోడ్‌కి ఇస్తే దాని బ్యాటరీ ముందు చస్తుంది. అందుకే ఆ పని వంతుల వారీగా మారాలి అన్నది దాని ముఖ్య ఆలోచన. ఇది ఇప్పుడు మన ఫోన్ల దాకా వచ్చింది. ఒక ఫోన్ ఇంకో ఫోన్‌కి రిలే అయ్యే సైడ్‌లింక్ రిలే 5జీ రిలీజ్ 17లో ఉంది. రేపు ఏ కంపెనీ అయినా "మీ పక్కవాళ్ల ఫోన్ ద్వారా కవరేజ్" అని అమ్మితే నేను అడిగే మొదటి ప్రశ్న: రిలే అయిన ఫోన్ బ్యాటరీ ఎంత పోతుంది, ఆ వంతు ఎవరు నిర్ణయిస్తారు?

ఏడు వాట్లే కదా?

నా రూమ్మేట్ ఇదే అన్నాడు. ఫ్యాన్ అంతకన్నా ఎక్కువ తింటుంది కదా అని. నిజమే, కానీ ఫ్యాన్‌కి స్విచ్ ఉంది. గదిలోంచి పోతూ ఆపుతాం. రౌటర్‌ని ఎవరూ ఆపరు. ఒక కోటి ఇళ్లలో ఒక్కో ఏడు వాట్ల డబ్బా ఉందనుకోండి, 70 మెగావాట్లు రాత్రీ పగలూ పోతూ ఉంటాయి, సగం టైం ఎవరి కోసమూ కాకుండా.

ప్రభుత్వానికి ఈ ఆలోచన కొత్త కాదు. 2012 జనవరిలో టెలికాం శాఖ, 2015 నాటికి గ్రామీణ టవర్లలో సగం, పట్టణ టవర్లలో 20 శాతం సోలార్ లాంటివి కలిపిన హైబ్రిడ్ పవర్‌తో నడవాలని చెప్పింది. అది డీజిల్ తగ్గించడానికి. కానీ పవర్ ఎక్కడి నుంచి వస్తుందనేది సగం ప్రశ్న. పని లేనప్పుడు ఎంత తింటుందనేది మిగతా సగం. ఆ రెండో సగం ఇప్పుడు టవర్ నుంచి మన ఇళ్లలోకి వచ్చింది.

నేనేం చేశాను, మీరేం చేయొచ్చు

మధ్య డబ్బా పీకేశా. ఇంటి మీద, కొట్టం మీద ఎదురెదురుగా చూసే డైరెక్షనల్ అవుట్‌డోర్ యూనిట్ల జత పెట్టా. అన్ని వైపులా అరిచే డబ్బా కన్నా ఒకే వైపు చూసేదానికి అదే దూరానికి తక్కువ పవర్ చాలు, కాక ఇంటిని దాటించొచ్చు కూడా. కొట్టంలో 5 గిగాహెర్ట్జ్ ఆపేసి, ట్రాన్స్‌మిట్ పవర్ మీడియంలో పెట్టా. యూనిట్‌తో కలిపి కొట్టం లోడ్ ఏడున్నర వాట్లు. మినీ యూపీఎస్ బదులు 12 వోల్ట్ 12 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ. లెక్క ప్రకారం పద్దెనిమిది గంటలు రావాలి. అంటే పడుకోవడం తెలిసిన డబ్బా ఉచితంగా ఇవ్వాల్సిన గంటల్ని నేను డబ్బు పెట్టి పెద్ద బ్యాటరీ రూపంలో కొన్నా. అన్నిటికన్నా ముందు బాపుకి ఆయన కీప్యాడ్ ఫోన్ తిరిగి ఇచ్చేశా, రాత్రికి అది దిండు కింద ఉంటుంది.

మీరు చేయాల్సింది ఇంత కూడా లేదు. ఇల్లు కడుతుంటే మెష్ డబ్బాల మధ్య ల్యాన్ కేబుల్ లాగించండి. గాల్లో రెండోసారి పంపే పని తప్పుతుంది. రెండు డబ్బాలతో అయ్యే ఇంటికి ఆఫర్ ఉందని మూడు కొనకండి. యాప్‌లో షెడ్యూల్ ఆప్షన్ ఉంటే రాత్రి అక్కర్లేని రేడియో ఆపండి. యూపీఎస్ కొనేటప్పుడు ఎంఏహెచ్ కాదు, వాట్-అవర్లు అడగండి.

మనలాంటి రివ్యూ సైట్లకి కూడా ఒక మాట. మనం ఫోన్ బ్యాటరీ టెస్టులు ఆఫీసు వై-ఫైలో, నిండా సిగ్నల్ ఉన్న చోట చేస్తాం. మైనస్ 115 డీబీఎంలో ఒక్క టెస్ట్ చేసి చూపిద్దాం. రౌటర్ రివ్యూలో స్పీడ్ టేబుల్ పక్కన "ఖాళీగా ఉన్నప్పుడు వాట్లు" అని ఒక్క గడి పెడదాం. మనం కొలవడం మొదలుపెడితే కంపెనీలు బాక్స్ మీద రాయడం మొదలుపెడతాయి. ఫ్రిజ్, ఏసీ మీద నక్షత్రాలు చూసి కొనే అలవాటు మనకు బీఈఈ స్టిక్కర్ వచ్చాకే వచ్చింది. ఏడాదిలో ఒక్క నిమిషం కూడా ఆగని రౌటర్ మీద ఆ స్టిక్కర్ నేను ఇంతవరకు చూడలేదు. అది రావాలి.

కొత్త బ్యాటరీ పెట్టిన రోజు బాపు కొట్టంలో నిలబడి అంతా చూసి ఒకటే అడిగాడు. "ఎవరూ మాట్లాడనప్పుడు గా లైట్లు ఎందుకు వెలుగుతున్నయ్ రా?"

సెట్టింగ్స్‌లోకి పోయి లైట్లు ఆపగలిగా. లోపల వెలుగుతున్నది మాత్రం కంపెనీ వాళ్లే ఆపాలి.